మెరూన్ చిలప

పొద్దున్నే పెరటి తలుపు తీసి కాలవ వైపు చూడటం వన్నెకు పెళ్ళయినప్పటి నుంచీ అలవాటు. వన్నె అన్నది తండ్రి పెట్టిన ముద్దుపేరు. నూలుకు రంగులు వేసే ఇంట్లో పుట్టిన పిల్లకు అంతకంటే తగిన పేరు దొరకదని ఆయన లెక్క. ఆయన షెడ్డు నగరానికి ఎగువన, ఈ కాలవ గట్టునే ఉంది. ఇళ్ళు పల్చబడే చోట, దిగువన, వన్నె అత్తవారి మొక్కల నర్సరీ. పుట్టింటి నుంచి మెట్టినింటికి మనిషి రావాలంటే రెండు బస్సులు మారాలి. నీళ్ళకు ఆ బాధ లేదు.

తలుపు తీయగానే ఫోన్ మోగింది.

"ఏం రంగు తల్లీ ఇవాళ?" అన్నాడు తండ్రి.

వన్నె గట్టు మెట్ల దాకా వెళ్ళి తొంగి చూసింది. "మెరూన్ నాన్నా. కాస్త చిక్కగా ఉంది. నీలం ఎక్కువ పడినట్టుంది."

"కొత్త మేస్త్రీ చెయ్యి జారింది. నిన్ననే వాడికి గడ్డి పెట్టాను. అంత దూరాన ఉండి పట్టేశావే." ఆయన గొంతు మురిసిపోయింది. "నీ కళ్ళు వేరే ఇంటికి ఇచ్చేసి తప్పు చేశాను."

కూతురు రంగు పేరు చెబితే ఆయనకు ఆ రోజు బోణీ అయినట్టు. మెరూన్‌లో ఆఖరున ఒక్క చుక్క నీలం కలపడం ఆ షెడ్డు గుట్టు. ఆ చుక్కతో ఎరుపు లోతుకు దిగుతుంది. చుట్టుపక్కల ఇంకో నాలుగు షెడ్లున్నా ఆ ఛాయ మాత్రం ఎవరికీ చిక్కలేదు. నేతగాళ్ళు ఆ నూలు కోసం ఆయన గుమ్మంలోనే నిలబడతారు. వందమంది సరుకులో కలిపేసినా నా చిలప నేను ఏరుకుంటానని ఆయన పందెం కాస్తాడు. నూలుచుట్టను వాళ్ళ ఇంట్లో చిలప అంటారు. ఆ పందెం ఇంతవరకూ ఓడింది లేదు.

"తండ్రీ కూతుళ్ళ వార్తలు అయ్యాయా?" వంటింట్లోంచి అత్త కేకేసింది. "ఇక్కడ పాలకు కూడా రంగు మారుతోంది, కాస్త చూడమ్మా."

అప్పటికే పాలు అడుగంటాయి.

ముందు రోడ్డు, వెనక కాలవ, రెండు పక్కలా ప్రహరీ గోడలు. మధ్యలో ఇరుక్కున్న రెండు గదుల ఇల్లు. మిగిలిన చోటంతా నల్ల సంచుల్లో మొక్కలు. ఆ ఇంట్లో ఎవరైనా పక్కకు తిరగాలన్నా మొక్కను అడిగి తిరగాలి. టీ గ్లాసు పట్టుకుని వన్నె వెళ్ళేసరికి భర్త మొదటి వరసలో గొంతుకూర్చుని ఉన్నాడు. కొత్తగా వేసిన రోడ్డుకు రెండు వైపులా నాటడానికి నగరపాలక ఆఫీసు నీడనిచ్చే మొక్కలు అడిగింది. నడుమెత్తు పెరిగినవే కావాలంది. రెండేళ్ళు చంటిపిల్లల్లా సాకి, తీరా అప్పగించాల్సిన నెల వచ్చేసరికి ఆకులు మాడటం మొదలైంది.

"మన్ను మార్చాను. వేపనూనె కొట్టాను. పురుగూ లేదు, కుళ్ళూ లేదు," అన్నాడతను. "కాగితానికి నిప్పంటుకున్నట్టు అంచు నుంచి లోపలికి మాడుతోంది."

"కాలవ నీళ్ళు మాని బోరు నీళ్ళు పెట్టి చూడకపోయారా?"

"బోరు మాత్రం ఎక్కడుంది, గట్టు కిందే కదా. రెండూ ఒక తల్లి బిడ్డలే." మూల వరస వైపు గడ్డంతో చూపించాడు. "అవి చూడు. చూరు కింద డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళతో పెంచినవి. దిష్టి తగిలేటట్టున్నాయి."

మూల వరస నిజంగానే నిగనిగలాడుతోంది. వన్నె వంగి మాడిన మొక్క సంచిలోకి చూసింది. మట్టి మీద తెల్లగా, సన్నగా పొర కట్టి ఉంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు.

నూలుకు రంగు ఎక్కాలంటే తొట్టిలో ఉప్పు పడాలి. చిటికెడు కాదు, బస్తాలు. చిన్నప్పుడు ఆ బస్తాల మీద ఎక్కి దూకి ఆడుకున్న నాలుకకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. నీళ్ళు పారుతూ పోతే వాటికవే కడుక్కుంటాయి అనేవాడు నాన్న. ఇన్నేళ్ళూ ఆ మాట నమ్మి, పెరటి మెట్టు మీద నిలబడి, పండగ చూసినట్టు కాలవను చూసింది.

"ఏమిటలా నాకుతున్నావు?" అన్నాడు భర్త.

"ఏం లేదు. టీ చల్లారిపోతోంది, తాగండి," అంది.

ఆడపిల్లకు రెండిళ్ళు ఉంటాయని అందరూ అంటారు. నిజానికి ఉండేవి త్రాసుకు రెండు పళ్ళేలు. మధ్యలో ముల్లు ఆమె. ఎటు మొగ్గినా రెండోవాళ్ళు తూకం తప్పంటారు. మొగ్గకుండా నిలబడితే త్రాసే పాడైందంటారు. ఆ రోజంతా వన్నె నిలబడే పని చేసింది.

సాయంత్రం గట్టు వెంబడి నర్సరీలవాళ్ళు నలుగురు వచ్చారు. ముందు నడిచినాయన పక్క నర్సరీ యజమాని. గులాబీలు తప్ప ఇంకేమీ పెంచడు కనక అందరికీ గులాబీల బాబాయి. పువ్వుల మధ్య బతికినా ఆయన నోట్లో ముళ్ళే ఎక్కువ.

"ఎగువన ఐదు షెడ్లున్నాయి వదినా," అన్నాడు అత్తతో, అరుగు మీద కూలబడి. "ప్రతివాడికీ నీళ్ళు శుద్ధి చేసే ట్యాంకు ఉంది. ప్రతివాడూ తన ట్యాంకు తిరుగుతోందంటాడు, పక్కవాడి వైపు వేలు చూపిస్తాడు. తిలా పాపం తలా పిడికెడు. ఒక్కడి రంగు ఫలానావాడిదని పట్టుకుంటే చాలు, ఆఫీసుకు పోయి తాళం వేయిస్తాం. ఒక తాళం పడితే మిగతా నలుగురికీ బుద్ధొస్తుంది."

"పట్టుకునేది ఎట్లా?" అంది అత్త.

"ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతకడం దేనికి? మీ కోడలు రంగుల ఇంటి పిల్ల. ఏమ్మా, వారం రోజులుగా వస్తున్న ఆ మెరూన్ ఎవరిదో కాస్త చూసి చెప్పు."

వన్నె చేతిలో ట్రే ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి గ్లాసులు సర్దింది. చెబితే నాన్న షెడ్డుకు తాళం. చెప్పకపోతే ఈ ఇంటి మొక్కలు చెత్తకుప్ప. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారే, ఆ సామెతలో కప్ప సంగతీ పాము సంగతీ చెప్పారు గాని మధ్యలో నిలబడి వినేదాని సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఐదు షెడ్ల నీళ్ళు కలిశాక ఏం తెలుస్తుంది బాబాయ్‌గారూ," అంది.

గులాబీల బాబాయి ఇంకేదో అనబోయాడు. భర్త అడ్డం వచ్చాడు. "పాలల్లో నీళ్ళు కలిశాక ఆ నీళ్ళు ఏ బావివో చెప్పగలవా బాబాయ్? వదిలెయ్. టీ తాగు."

అందరూ వెళ్ళిపోయాక అతను మొక్కల మధ్యకు వెళ్ళాడు. వన్నె వెనకే వెళ్ళింది. తనను కాపాడినందుకు ఏదో ఒకటి అనాలనుకుంది గాని అతనే ముందు నోరు విప్పాడు.

"పొద్దున ఫోన్‌లో నువ్వు చెప్పే మాట నాకు వినపడదనుకున్నావా? మొదటి వరసలో ఉండేది నేనే కదా."

"మరి వాళ్ళ ముందు ఎందుకు అనలేదు?"

"అంటే తాళం మీ నాన్న షెడ్డుకు పడుతుంది. తాళం వేయించినవాడి ఇంట్లో నువ్వు కాపురం ఎట్లా చేస్తావు? అనకపోతే ఈ ఆర్డరు పోతుంది. ఇది పోతే ఈ స్థలం కౌలు నిలవదు. ఎటు తిరిగినా గోడే." అతను ఎండిన ఆకు ఒకటి తుంచి నలిపాడు. పొడిపొడి అయింది. "నిన్ను చెప్పమని అడగను. కానీ నీకు దారేదైనా కనపడితే తొందరగా చూడు. ఇవాళ బాబాయితో చెప్పిన అబద్ధం మళ్ళీ చెప్పడం నావల్ల కాదు."

తిట్టి ఉంటే బాగుండేదని వన్నెకు అనిపించింది. తిట్టేవాడితో దెబ్బలాడవచ్చు. పక్కన నిలబడ్డవాడితో ఏం దెబ్బలాడుతుంది?

మొక్కలకు ఊతకర్రలు కట్టడానికి పుట్టింటి నుంచి తెచ్చుకున్న తెల్ల నూలు చిలపలు అలమరలో ఉన్నాయి. మర్నాడు ఒకటి తీసి, తాడు కట్టి, పెరటి మెట్టు నుంచి కాలవలోకి వదిలింది. పొయ్యి లేదు, కలియబెట్టే చెయ్యి లేదు. రంగు ఎక్కడానికి కాలవలో ఉన్న ఉప్పు చాలనుకుంది. ఒక పగలూ ఒక రాత్రీ నాననిచ్చి తీసి, నీడలో ఆరబెట్టి, కాగితంలో చుట్టి బస్సెక్కింది.

తండ్రి షెడ్డు గుమ్మంలో, వెలుగు బాగా పడే చోట నిలబడి సరుకు చూస్తున్నాడు. వెనకే శుద్ధి ట్యాంకు ఉంది. దాని ఇనుప కమ్మీల మీద తడి చిలపలు ఆరేసి ఉన్నాయి. తనిఖీకి వచ్చే రోజున తప్ప ఆ ట్యాంకుకు వేరే ఉద్యోగం లేదు. వన్నె తమ్ముడు మోటారు వేస్తే నాన్న ఆపుతాడు. మోటారుకు కరెంటు దండగ, ట్యాంకులో నిండే బురదను ఎత్తిపోయడం ఇంకో దండగ అని ఆయన లెక్క.

"చెప్పా పెట్టకుండా వచ్చావేమే?" అంటూ తల్లి బయటికి వచ్చింది. "అక్కడ ఏమైనా మాటా మాటా అనుకున్నారా?"

"లేదమ్మా. నాన్నకు ఒక నమూనా చూపిద్దామని."

కాగితం విప్పి చిలప తండ్రి చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, నూలును వెలుగుకు పెట్టి, రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశాడు. పని తెలిసిన చేతులు యజమాని అనుమతి కోసం ఆగవు.

"మనదే," అన్నాడు. "ఛాయ మనదే, సందేహం లేదు. నీలం చుక్క కూడా కనపడుతోంది చూడు. కానీ రంగు ఎక్కాల్సినంత ఎక్కలేదు. ఎవడు దింపాడు దీన్ని? ఏ తొట్టిలోది?"

"నేనే నాన్నా. మా పెరటి మెట్టు దగ్గర, కాలవలో ముంచాను."

ఆయన వేళ్ళు నూలు మీదే ఉండిపోయాయి. లోపల ఎవరో తొట్టి కలియబెడుతున్న చప్పుడు గుమ్మం దాకా వినపడింది.

"కన్నతండ్రికే ఉచ్చు పన్నావన్న మాట," అన్నాడు చివరికి. "అత్తవారు నేర్పి పంపారా?"

"వాళ్ళకు నేను వచ్చానని కూడా తెలియదు. నేను ఉచ్చులో ఉండి నీ దగ్గరికి వచ్చాను నాన్నా. అక్కడ మొక్కలు ఉప్పుకు మాడిపోతున్నాయి. రంగు ఎవరిదో చెప్పమని నన్ను అడుగుతున్నారు. తెలియదని అబద్ధం చెప్పాను. మీ అల్లుడు నాకోసం ఇంకో అబద్ధం చెప్పారు."

"నాదొక్కడిదేనా ఏమిటి? ఐదుగురం వదులుతున్నాం. నేనొక్కడినే ఆపితే కాలవ తేటపడుతుందా? నా పొయ్యి ఆరుతుంది, అంతే. నా బేరాలు నలుగురూ పంచుకుంటారు. ఇక్కడ పనిచేసేవాళ్ళ ఇళ్ళకు నువ్వు పోయి సమాధానం చెబుతావా? ఈ రంగే నిన్ను చదివించింది. ఈ రంగే నీ పెళ్ళి చేసింది."

ఆయన చెప్పింది అబద్ధమైతే కొట్టిపారేసేది. వ్యాపారం తెలిసిన ఇంట్లో పుట్టింది కనక అందులో నిజం ఎంతో ఆమెకు తెలుసు. ఇక్కడా గోడే.

అంతవరకూ గడప పట్టుకుని నిలబడ్డ తల్లి మెల్లగా అంది. "రోజూ పొద్దున అది రంగు పేరు చెబుతుంటే మీరు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. ఆ నీళ్ళు దాని గుమ్మం దాకా చేరాయని కదండీ అది రోజూ చెబుతున్నది. మనిద్దరికీ ఆ మాట ఒక్కరోజు కూడా వినపడలేదు."

ఆయన చిలపను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"నేను వెళ్తాను నాన్నా," అంది వన్నె. "నీ పేరు నేను చెప్పను. ఆ మాట ఇవ్వగలను. కానీ రేపటి నుంచి నాకు ఫోన్ చెయ్యకు. రంగు చూసి చెప్పడం ఇక నావల్ల కాదు."

"అన్నం తిని వెళ్ళవే," అంది తల్లి. వన్నె అప్పటికే గేటు దాటింది.

ఆ రాత్రి భర్తకు ఉన్నదున్నట్టు చెప్పింది. అతను విని, "మామయ్యగారు ఏమన్నారు?" అని మాత్రం అడిగాడు. "ఏమీ తేల్చి చెప్పలేదు" అంది. పొద్దున పెరటి తలుపు తీసింది. ఫోన్ మోగలేదు. రోజూ మోగినప్పుడు ఇల్లు ఇంత ఇరుకని తెలియలేదు. కాలవ అదే మెరూన్. గోడ ఇటు, గోడ అటు. మొక్కల మధ్య ఆమె నిలబడ్డ చోటు రెండు పాదాలంత.

మధ్యాహ్నానికి గట్టు వెంట ఎవరో నడిచి వస్తున్నారు. చెప్పులు చేత్తో పట్టుకుని, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, ఒక్కో నర్సరీ దగ్గర ఆగి, కంచెలోంచి మొక్కలను చూస్తూ వస్తున్నాడు. దగ్గరికి వచ్చాక గాని వన్నె పోల్చుకోలేదు. తండ్రి ఎప్పుడొచ్చినా ముందు వైపు రోడ్డు మీద ఆటోలో దిగేవాడు. కాలవ పక్కన నడిచి రావడం ఇదే మొదటిసారి.

పెరటి మెట్టు ఎక్కి ఆయన మొదటి వరస దగ్గర కూర్చున్నాడు. సంచిలో వేలు పెట్టి, తెల్లపొర తీసి, కూతురు చేసినట్టే నాలుకకు రాసుకున్నాడు. చాలాసేపు లేవలేదు. భర్త, అత్త బయటికి వచ్చారు. పక్క గోడ మీంచి గులాబీల బాబాయి తల కూడా లేచింది.

"అల్లుడుగారూ, ఆ మెరూన్ నాది," అన్నాడు ఆయన కూర్చునే. "ట్యాంకు నడపలేదు. చిలపలు ఆరేసుకున్నాను. అమ్మాయి చెప్పలేదు. చెప్పనని మాట కూడా ఇచ్చింది. అందుకే నేనే రావాల్సి వచ్చింది."

భర్త ముఖం ఎర్రబడింది, తెల్లబడింది. చివరికి కుర్చీ తెచ్చి వేశాడు.

"పైకి లేవండి మామయ్యగారూ. టీ తాగండి. భయం లేదు లెండి, కాలవ నీళ్ళు కావు. మేం తాగడానికి డబ్బాల నీళ్ళు కొనుక్కుంటున్నాం."

ఆ మాట దిగాల్సిన చోటికే దిగింది. ఆయన తల వంచుకుని టీ అందుకున్నాడు.

"తాళం ఎప్పుడు వేస్తున్నావు పెద్దమనిషీ?" అన్నాడు గులాబీల బాబాయి గోడ మీంచి.

"మీరు ఆఫీసుకు పోతే వాళ్ళే వేస్తారు. పోవద్దని అనను. పొద్దున్నే నీళ్ళు బయటికి పోయే తూము మూయించి వచ్చాను. ట్యాంకు శుద్ధి చేయగలిగినన్ని నీళ్ళకే ఇక రంగు కలిపేది. సగం పని ఆగుతుంది." ఆయన గొంతులో పాత వ్యాపారి కాస్త తలెత్తాడు. "ఇకపోతే మిగతా నలుగురూ. నీలం ఎవరిదో, చిలకపచ్చ ఎవరిదో, కాలవలో ఎంత కలిసినా నేను చెప్పగలను. వాళ్ళకు ఆ సంగతి తెలుసు. సాయంత్రం నలుగురినీ పిలిచాను. ఐదుగురం కలిసి పెద్ద ట్యాంకు కట్టుకుందాం, లేకపోతే మీ రంగులు నా నోటితో చెబుతానని అంటాను. నా రంగు ఒప్పుకుని వచ్చినవాడిని కనక నన్ను బెదిరించడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు."

గులాబీల బాబాయి కాసేపు ఆయన్ని తేరిపార చూశాడు. "ఒప్పుకోకపోతే?"

"అప్పుడు మీ వెంట ఆఫీసుకు నేనూ వస్తాను." ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "షెడ్డు వెనక మంచినీళ్ళ బావి ఉంది. రంగుకు తేట నీళ్ళు కావాలని దాన్ని కంటికి రెప్పలా కాపాడుకున్నాను. మీ కాలవ సంగతి తట్టలేదు. రేపటి నుంచి రోజూ ట్యాంకరు వస్తుంది. సంచుల్లో ఉప్పు కడిగేదాకా పోయండి."

"బతికినవి బతుకుతాయి. పోయినవి పోయినట్టే మామయ్యగారూ," అన్నాడు భర్త. గొంతులో కోపం తగ్గలేదు. అయినా లేచి వెళ్ళి ఆయన చేతిలోని ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

వెళ్ళే ముందు ఆయన జేబులోంచి ఆ చిలప తీసి కూతురికి ఇవ్వబోయి ఆగాడు. "ఇది నేనే ఉంచుకుంటాను. పందెంలో ఇన్నేళ్ళూ గెలుస్తూ వచ్చాను. గెలిచి కూడా ఓడిన సరుకు ఒకటి కళ్ళ ముందుండాలి."

వన్నె కళ్ళు తుడుచుకుందామంటే చేతినిండా మట్టి. తండ్రే తన కండువా కొసతో ఆమె మొహం తుడిచాడు. ఆ కొసకు మెరూన్ అంటుకుని ఉంది. ఇద్దరూ దాని వైపు చూశారు.

అంతా ఒక్కరోజులో చక్కబడలేదు. నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు, ఒకాయన మొండికేశాడు. ఆయన పచ్చ రంగు ఇంకా కొన్నాళ్ళు వచ్చింది. గులాబీల బాబాయి, వన్నె తండ్రి కలిసి ఆఫీసు మెట్లు ఎక్కారు. మెట్లెక్కేటప్పుడు కూడా తిట్టుకుంటూనే ఎక్కారట. మొక్కల్లో మొదటి వరసలు పోయాయి. మిగిలినవి కొత్త చిగురు వేశాయి. ఆఫీసువాళ్ళు గడువు పెంచి, ఉన్నవాటిని తీసుకున్నారు. తండ్రి షెడ్డు పని సగానికి తగ్గింది. ఎవరికీ లాభం లేని బేరమే. కానీ రెండిళ్ళ మధ్య సరుకు పాడుకాకుండా నిలిచింది, అదే పదివేలు.

ఒక పొద్దున వన్నె పెరటి తలుపు తీసింది. ఎన్నాళ్ళకో ఫోన్ మోగింది. అవతల ఎవరూ మాట్లాడలేదు. అడగడానికి ఆయనకు నోరు రావడం లేదని ఆమెకు అర్థమైంది.

మెట్టు దాకా వెళ్ళి తొంగి చూసింది.

"మట్టి రంగు నాన్నా," అంది.

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. తర్వాత, వ్యాపారి గొంతు సర్దుకుంది.

"రంగు పట్టు ఎట్లా ఉంది? నిలుస్తుందా?"

"ఇవాళ్టికి నిలిచింది. రేపు చూసి చెబుతాను."